తాటిచెట్టు కొలతలో కృష్ణా తీరం

కొలతలు ముందే చెప్పేస్తా. గట్టు మీది తాటిచెట్టు అరవై అడుగులు. ధాన్యం బస్తా 75 కిలోలు. విజయవాడ నుంచి హైదరాబాద్ 275 కిలోమీటర్లు. మీటర్లూ టన్నులూ బుర్రకెక్కకపోవచ్చు గాని ఈ మూడూ మన వైపు బడి పిల్లాడికైనా తెలుసు. ప్రకాశం బ్యారేజీ దాటి, పులిగడ్డ దగ్గర పాయలుగా చీలి, హంసలదీవి అవతల కృష్ణమ్మ ఉప్పునీళ్ళలో కలిసేదాకా ఎంతమంది ఛాంపియన్లున్నారో ఈ కొలబద్దతోనే చూద్దాం.

అతి పెద్ద చేప: తిమింగల సొర. పేరులో తిమింగలం ఉన్నా ఇది అచ్చంగా చేపే. ఇంతవరకు కొలిచినవాటిలో పెద్దది 18.8 మీటర్లు. తాటిచెట్టు పక్కన పడుకోబెడితే తోక కాస్త బయటికే ఉంటుంది. మామూలువి ఆర్టీసీ బస్సంత. నోటి వెడల్పు అయిదడుగులు, పళ్ళు మూడు వేల పైచిలుకు. ఒక్కో పన్ను మాత్రం అగ్గిపుల్ల తలకాయంత! ఇంత నోరు పెట్టుకుని అది మింగేది నీళ్ళలో తేలే పిసరంత జీవుల్ని. 2021 డిసెంబరులో విశాఖ దగ్గర తంతడి తీరంలో ఒకటి ఒడ్డున చిక్కుకుంటే జాలర్లూ అటవీశాఖ వాళ్ళూ కలిసి మళ్ళీ సముద్రంలోకి తోలారు. 50 అడుగులు, 2 టన్నులు అని పత్రికల్లో పడింది. ఆ రెండంకెలూ ఒకే చేపవంటే నేను నమ్మను. 50 అడుగుల తిమింగల సొర 2 టన్నులకు ఆగదు. ఎక్కడో టేపు సాగింది.

చేప కాని వాటిలో పెద్దది నీలి తిమింగలం. 98 అడుగులు, అంటే తాటిచెట్టున్నర దాటి ఇంకో ఎనిమిది అడుగులు. విజయవాడ స్వరాజ్ మైదానంలో అంబేడ్కర్ విగ్రహం పీఠం కాక 125 అడుగులు కదా, పక్కన నిలబెడితే తిమింగలం ఆయన భుజాల దాకా వస్తుంది. ఇంతకన్నా పెద్ద జంతువు భూమ్మీద పుట్టిందన్న రుజువు లేదు. డైనోసార్లతో కలిపే ఈ మాట.

వలకు అతి బరువు: 2024 జూలైలో మచిలీపట్నం గిలకలదిండి రేవుకు వచ్చిన టేకు చేప. తూకం సుమారు 1,500 కిలోలు. ఇరవై బస్తాల ధాన్యం! మోకులు కట్టి మనుషులు లాగితే కదిలే సరుకు కాదు, క్రేన్ వచ్చింది. టేకు అంటే పళ్ళెంలా పరుచుకునే చేప, వెనక కొరడా లాంటి తోక. ఈ కుటుంబంలో పెద్దన్న మాంటా రెక్కలు చాపితే ఏడు మీటర్ల వరకు వస్తుంది. ఆ లెక్కన మూడు మాంటాలు వరసగా పరిస్తే తాటిచెట్టును దాటిపోతాయి.

అతి ఖరీదైన చేప మాత్రం అంత బరువుండదు. కచిడి. వలలో పడితే జాలరి ఇంట్లో పండగే, ఒక్కో చేప లక్షల్లో పలికిన సందర్భాలున్నాయి. ఆ ధర మాంసానిది కాదు, కడుపులోని గాలితిత్తిది. ఆపరేషన్ కుట్లకు దారాలు తీస్తారని, వైన్ తేర్చడానికి వాడతారని కొనుక్కుపోతారు. గుజరాత్ వాళ్ళు దీన్ని 'ఘోల్' అంటారు. 2023లో తమ రాష్ట్ర చేపగా కిరీటం కూడా పెట్టారు. మనం కిరీటం పెట్టలేదు, వేలం పాట పాడుకుంటున్నాం.

అతి అబద్ధపు రికార్డు: కొమ్ము కోనాం వేగం. ఈటె లాంటి ముక్కు, వీపు మీద తెరచాప. గంటకు 110 కిలోమీటర్లని నా చిన్నప్పటి విజ్ఞాన పుస్తకాలన్నీ చెప్పాయి. తర్వాత శాస్త్రవేత్తలు దాని కండరాలు ఎంత చురుగ్గా ముడుచుకుంటాయో కొలిచారు. తేలింది ఏమంటే, గంటకు 36 కిలోమీటర్ల దగ్గరే ఆగిపోతుంది. బందరు రోడ్డులో ఖాళీ ఆటో కూడా అంతకంటే జోరుగానే పోతుంది. చిన్నప్పటి మార్కులు ఎవరు తిరిగిస్తారో!

నిజమైన వేగం గాలిలో ఉంది. చలికాలంలో మన చిత్తడి నేలల మీద బాతుల కోసం కాచుకునే పెరిగ్రిన్ డేగ, రెక్కలు ముడిచి పైనుంచి దూకితే 300 కిలోమీటర్లు దాటుతుంది. కొలిచిన రికార్డు గంటకు 389. వందే భారత్ గరిష్ఠ వేగం 160. రెండు వందే భారత్‌లు కలిపినా డేగ ముందే ఉంటుంది.

అతి గట్టి చప్పుడు చేసేది రెండంగుళాలైనా లేని రొయ్య. పిస్తోలు రొయ్య అంటారు. ఒక డెక్క మిగతా ఒంటికి నప్పనంత పెద్దది. దాన్ని టప్పున మూస్తే నీళ్ళలో బుడగ పుడుతుంది, పగులుతుంది. ఆ పగిలిన క్షణంలో చప్పుడు 200 డెసిబెల్స్ పైన, వేడి 4,700 డిగ్రీల దాకా. సూర్యుడి ఉపరితలం 5,500 డిగ్రీలు! రెప్పపాటులో వెయ్యో వంతు కూడా ఉండదు గనక మన చేపల పులుసు ఉడికిపోకుండా బతికింది. ఏటిమొగలో ఇంజన్ ఆపి పడవ అడుగు చెక్కకు చెవి ఆనిస్తే పేలాలు వేగుతున్న చప్పుడు వినిపిస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో జలాంతర్గాముల కోసం చెవులు రిక్కించిన నావికులకు ఈ రొయ్యల గోలే అడ్డమైంది.

పెద్ద రొయ్య కావాలంటే నీలకంఠ. ముక్కు నుంచి తోకకు ముప్ఫై సెంటీమీటర్లు దాటగలదు. స్కూలు స్కేలు అంత! నీలం చేతులు మళ్ళీ అదనం.

అతి మొండి పట్టు మండపీతది. నాగాయలంక రేవులో పీతలు కట్టే అతని పక్కన అరగంట కూర్చున్నా. పీత వీపు మీద బొటనవేలు, డెక్కల కింద నుంచి తాడు, అడ్డంగా ఒక చుట్టు, నిలువుగా ఒకటి, పంటితో ముడి బిగింపు. ఒక పీతకు పట్టిన సమయం నా వాచీలో తొమ్మిది సెకన్లు. నేను ఒకదాన్ని పట్టబోతే, "చెయ్యి పెట్టమాకండి సార్, ఏలు ఊడిపోద్ది" అని తన చూపుడువేలు చూపించాడు. గోరు లేదు. పీతల పోటీలో కిరీటం ఆయనకే ఇచ్చి వచ్చేశా.

అదే బురదలో ఒంటికీ ఆయుధానికీ అతి పెద్ద తేడా ఉన్న జీవి కూడా ఉంది. ఫిడేలు పీత. ఒళ్ళు రూపాయి బిళ్ళంత. మగదాని ఒక డెక్క బరువు ఒంటి బరువులో సగం దాకా ఉంటుంది. అరవై కిలోల మనిషి కుడిచేయి ముప్ఫై కిలోలుంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఆ చేత్తో తినలేడు, ఊపడమే. ఆడ పీతలు చూడాలని పొద్దస్తమానం ఊపుతూనే ఉంటాడు.

చేప గట్టెక్కి నడిస్తే? పాటు వచ్చి నీళ్ళు వెనక్కి తీసినప్పుడు మడ వేళ్ళ మధ్య గెంతే బురద చేపలు ముందు రెక్కలనే మోచేతులుగా చేసుకుని పాకుతాయి, చర్మంతో కూడా ఊపిరి తీసుకుంటాయి. వీటిని మించిన కథ ఇంకొకటుంది. 1791లో మన కోరమాండల్ తీరంలోనే, దక్షిణాన తరంగంబాడిలో, డాల్డార్ఫ్ అనే డేనిష్ ఉద్యోగి చెరువు పక్క తాటిచెట్టు మీద నీటికి అయిదడుగుల ఎత్తున ఒక చేప ఎక్కుతూ కనిపించిందని రాశాడు. అది 1797లో లండన్‌లో అచ్చయింది. ఏ కాకో ఎత్తుకుపోయి జారవిడిచి ఉంటుందని తర్వాతివాళ్ళు పెదవి విరిచారు. ఎలాగైతేనేం, తాటిచెట్టులో పన్నెండో వంతు ఎక్కిన చేప ఇదొక్కటే.

అతి చాకచక్యమైన పిల్లి గురించి కాస్త తీరిగ్గా చెప్పాలి. బావురు పిల్లి. 1989లో ఏర్పడిన కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం 194.81 చదరపు కిలోమీటర్లు, ఎకరాల్లో 48 వేల పైన. సొర్లగొంది, నాచుగుంట, ఎలిచెట్లదిబ్బ అంటూ మడ అడవీ బురద మేటలే అంతా. ఈ పిల్లి రాజ్యం అదే. ఇంటి పిల్లికి రెట్టింపు సైజు, మగది పదహారు కిలోల దాకా తూగుతుంది. పిల్లి జాతికి నీళ్ళంటే ఒంటికి పడదని సామెతలా చెప్పుకుంటాం గాని దీనికి నీళ్ళే వంటిల్లు. కాలివేళ్ళ మధ్య బాతుకున్నట్టు కొద్దిపాటి పొర. లోపలి ఉన్ని ఎంత దట్టమంటే మునిగినా చర్మం తడవదు. తోక మాత్రం పొట్టి, ఒంటి పొడుగులో మూడో వంతు.

నేను చూసింది నాగాయలంక అవతల ఒక చెరువు గట్టు మీద. రాత్రి పదకొండు దాటింది. గాలిచక్రాల మోటార్లు ఆగి ఉన్నాయి. కాపలా పెద్దాయన నా మోచెయ్యి పట్టుకుని, "కదలమాకండి. టార్చి ఆపండి, బావురు పిల్లండది" అన్నాడు. ఇరవై అడుగుల దూరంలో తూము పక్కన ఒక మట్టిముద్ద. అయిదు నిమిషాలు, పది నిమిషాలు, మట్టిముద్దే. దోమలు నా మెడ మీద విందు చేసుకుంటున్నాయి. ఉన్నట్టుండి మట్టిముద్ద తల నీళ్ళలోకి పోయింది, ఆనక భుజాలు పోయాయి. చప్పుడు లేదు. పైకి లేచేసరికి నోట్లో అడ్డంగా ఒక జిలేబీ చేప, తోక ఇంకా కొట్టుకుంటోంది. ఒక్కసారి ఒళ్ళు దులిపింది. నీళ్ళ తుంపర్లు నా చొక్కా దాకా వచ్చాయి. పెద్దాయన లెక్క వేరు: "రోజుకొకటే అండి తినేది. నీటికుక్కలైతే గుంపుగా దిగి చెరువు కలియబెట్టేస్తాయి."

ఆ నీటికుక్కలూ ఛాంపియన్లే. ఆగ్నేయాసియాలో ఉన్న నీటికుక్కల్లో పెద్ద జాతి మనదే, ఏడు నుంచి పదకొండు కిలోలు.

మళ్ళీ పిల్లి దగ్గరికొస్తే, గోదావరి వైపు కోరింగలో 2018లో కెమెరాలు పెట్టి లెక్కిస్తే బావురు పిల్లులు 115 తేలాయి. పశ్చిమ బెంగాల్ ఈ పిల్లిని రాష్ట్ర జంతువుగా పెట్టుకుంది.

సముద్ర తాబేళ్ళలో అతి చిన్న జాతుల్లో ఒకటి మన ఆలివ్ రిడ్లే. చిప్ప రెండడుగులు, ముప్ఫై తాబేళ్ళు పేరిస్తే ఒక తాటిచెట్టు. అతి పెద్దది లెదర్‌బ్యాక్. 1988లో వేల్స్ ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఒకటి 916 కిలోలు, అంటే పన్నెండు బస్తాల పైన. రిడ్లే బరువు సాధారణంగా నలభై అయిదు కిలోలు మించదు. అయితే గుంపు కట్టడంలో రిడ్లేని కొట్టేది లేదు. 2025 ఫిబ్రవరిలో ఒడిశాలోని రుషికుల్య తీరానికి దాదాపు ఏడు లక్షలు వచ్చి గుడ్లు పెట్టాయి. మన పాలకాయతిప్ప, సొర్లగొంది ఇసుకలోకి వచ్చేవి ఒంటరి అతిథులు, రాత్రికి ఒకటీ అరా. అడుగున్నర లోతు గుంత, వంద నుంచి నూట ఇరవై గుడ్లు. ఒక్కో గుడ్డు చిన్న సైజు బందరు లడ్డూ అంత. ఇసుక వేడిగా ఉంటే ఆడపిల్లలు, చల్లగా ఉంటే మగపిల్లలు. యాభై రోజులకు అటూ ఇటూగా పిల్లలు బయటికొస్తాయి.

హేచరీ దగ్గర ఒక తెల్లవారుజామున బుట్టలోంచి వాటిని వదులుతుంటే చూశా. అరచేతిలో నాలుగు పడతాయి. ఇసుక మీద సైకిల్ టైరు జాడంత సన్నటి గీతలు. ఒకటి దారి తప్పి నా చెప్పు చుట్టూ రెండు ప్రదక్షిణలు చేసి అటు తిరిగింది. అల వచ్చింది, అల పోయింది, అది లేదు. వెయ్యింటిలో ఒకటి పెద్దదవుతుందని చెప్తారు. నక్క, పంది, కాకి, ఊరకుక్క, పీత, అన్నీ వరసలో ఉంటాయి మరి.

బతికి పెద్దదైనది ఎంత దూరం పోతుంది? 2021 మార్చిలో ఒడిశాలో 03233 నంబరు బిళ్ళ తగిలించిన రిడ్లే 2025 జనవరిలో మహారాష్ట్రలోని గుహాగర్ తీరంలో గుడ్లు పెడుతూ దొరికింది. సుమారు 3,500 కిలోమీటర్లు, తూర్పు సముద్రం నుంచి పడమటి సముద్రానికి. ఇన్నాళ్ళూ ఈ రెండు తీరాల తాబేళ్ళకు చుట్టరికం లేదనుకున్నారు.

ఈ దూరం కూడా గాడ్విట్ పిట్ట ముందు తేలిపోతుంది. చలికాలంలో మన తూర్పు తీరపు బురద మేటల్లో పొడుగు ముక్కు గుచ్చుతూ తిరిగే బార్‌టెయిల్డ్ గాడ్విట్ల బంధువు ఒకటి, 2022 అక్టోబరులో అలాస్కా నుంచి టాస్మానియాకు పదకొండు రోజులు ఎగిరింది. 13,560 కిలోమీటర్లు. తిండి లేదు, నీళ్ళు లేవు, వాలడం లేదు. విజయవాడ-హైదరాబాద్ దూరానికి 49 రెట్లు. వయసు? అయిదు నెలలు!

అతి పెద్ద సంచి గూడబాతుది. అడుగు పైన ముక్కు, దాని కింద వేలాడే తోలు సంచి, అయిదారు కిలోల ఒళ్ళు. ఈ పక్షికి ప్రపంచంలోకెల్లా పెద్ద కాలనీ అన్న పేరు కైకలూరు పక్కన ఆటపాకకు ఉంది. కథ మాత్రం తిన్నగా నడవలేదు. 1946లో కె.కె.నీలకంఠన్ కొల్లేటి ప్రాంతంలో దాదాపు 3,000 గూడబాతులు గూళ్ళు కట్టుకున్న చోటు కనిపెట్టాడు. 1975 నాటికి అక్కడ ఒక్క గూడు లేదు. ఆ తర్వాత 1999లో కొల్లేరు 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యమైంది, 2002లో చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది, 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో అయిదో కాంటూరు (ఎత్తు గీత) లోపలి చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. ఆ కాంటూరు తగాదా ఇప్పటికీ కొల్లేటి లంకల్లో కాఫీతో పాటు వడ్డిస్తారు. పక్షులు తగాదా తేలేదాకా ఆగలేదు. ఆటపాకలో చెట్లు చాలక అటవీశాఖ నిలబెట్టిన ఇనప మంచెల మీద కూడా పుల్లలు పేర్చేశాయి.

ఇరుకులో కిరీటం గుంటూరు దగ్గర ఉప్పలపాడుది. ఊరి చెరువు, మధ్యలో సర్కారు తుమ్మ చెట్లు, వాటి మీద సీజనులో వేల పక్షులు. కొమ్మ కొమ్మకూ గూళ్ళు, గూటి కింద గూడు. అక్కడి నత్తగొట్టు కొంగ ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది, అడకత్తెరలా. నత్త జారకుండా పట్టేది ఆ సందే. అన్నట్టు, ఒంటికి అతి పొడుగు కాళ్ళున్నది ఈ కొంగకు కాదు. వరిచేలో తిరిగే నల్లరెక్కల స్టిల్ట్ పిట్టకు. ఎత్తులో అరవై శాతం కాళ్ళే.

అతి కష్టజీవి గిజిగాడు. తాటాకు అంచున వేలాడే గూటి కోసం మగపిట్ట 500 సార్లు దాకా పీచు మోస్తుంది. పద్దెనిమిది రోజుల పని. సగం కట్టాక ఆడపిట్ట వచ్చి చూసి, నచ్చకపోతే ఎగిరిపోతుంది. అడ్వాన్సు కూడా ఇవ్వదు.

అతి పెద్ద కప్ప గోదురు కప్ప. పదిహేడు సెంటీమీటర్లు. తొలకరికి మగవి పసుపు పూసుకున్నట్టు మారి, బుగ్గల దగ్గర నీలి బుడగలు ఊది రాత్రంతా అరుస్తాయి. వీటి కాళ్ళు విదేశాల హోటళ్ళకు ఎగుమతయ్యేవి. 1987లో మన దేశం ఆ వ్యాపారం ఆపేసింది.

అతి దూరం వెళ్ళిన తెలుగు మాటలు పాములవీ చేపలవీ. విశాఖలో పనిచేసిన పాట్రిక్ రసెల్ 1796లో కోరమాండల్ తీరపు పాముల మీద పుస్తకం వేశాడు, 1803లో విశాఖ చేపలు రెండు వందల మీద ఇంకోటి. పేర్లు ఎవరినడిగాడంటే మనవాళ్ళనే. రక్తపింజరికి 'కాటుక రేకుల పొడ' అని రాసుకున్నాడు. నల్ల రేకుల మచ్చలకు ఇంతకన్నా అందమైన పేరు ఇంగ్లీషువాళ్ళకు దొరకలేదు, చివరికి దాన్ని రసెల్ పామనే అన్నారు. పసుపు పట్టీల కట్లపామును మనవాళ్ళు 'బంగారు పాము' అన్నారు. శాస్త్రవేత్తలు అదే పట్టుకుని కట్లపాముల జాతికంతా 'బంగారస్' అని నామకరణం చేశారు. థాయ్‌లాండ్‌లో కరిచినా చైనాలో కరిచినా ఆస్పత్రి కాగితం మీద పడేది తెలుగు బంగారమే. సొర కూడా ఒక సొరచేప శాస్త్రీయ నామంలో 'సొర్రా'గా ఉండిపోయింది. మళ్ళీ పాముల మాటకొస్తే, వాటి బెడద దివిసీమకు కొత్త కాదు. 2018లో కాట్లు మితిమీరితే ఆగస్టులో మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడి గుళ్ళో సర్పశాంతి హోమం చేశారు. మందు అవనిగడ్డ ఆస్పత్రిలో, మొక్కు మోపిదేవిలో. దివిసీమలో రెండూ కలిసే నడుస్తాయి.

చివరగా, బరువుకు అతి పెద్ద ప్రయాణం. వానలు వెనకబట్టాక మా మేడ మీద కేబుల్ వైరు మీద వరసగా వాలే బంగారు రంగు తూనీగలు. విజయవాడలో ఏ ఖాళీ స్థలంలో చూసినా ఇవే. పిల్లలు దారం కట్టి ఎగరేసేవీ ఇవే. ఇవి ఈశాన్య గాలిని పట్టుకుని మాల్దీవుల మీదుగా హిందూ మహాసముద్రం దాటి తూర్పు ఆఫ్రికాకు పోతాయి, వాటి మనవలూ మునిమనవలూ తిరిగొస్తాయి. మొత్తం చుట్టు 14,000 నుంచి 18,000 కిలోమీటర్లు. హైదరాబాద్‌కు యాభై సార్లు పైనే. ఒక్కోదాని బరువు గ్రాములో మూడో వంతుకు కాస్త తక్కువ. ఒక బస్తా ధాన్యానికి రెండున్నర లక్షల తూనీగలు తూగాలి.